కాకి ముట్టని కళాఖండం

మన రాష్ట్రంలో జనం బాగానే పోతున్నారు గానీ, ఆ పోవడంలో ఆధునికత బొత్తిగా లేదని సాంస్కృతిక శాఖ కమిషనర్ చక్రధరరావుగారు విదేశాలు తిరిగొచ్చాక కనిపెట్టారు. నిజానికి ఆయన వెళ్ళింది జానపద కళల అధ్యయనానికి. అక్కడివాళ్ళు ఆయన్ని ఓ పెద్ద ప్రదర్శనశాలకి తీసుకెళ్ళి ఖాళీ శవపేటిక ఒకటి చూపించారు. దాని చుట్టూ సూట్లు తొడుక్కున్న పెద్దమనుషులు గ్లాసులు పట్టుకుని నిలబడి, చెమర్చిన కళ్ళతో చూస్తున్నారట. పేటికలో ఎవరూ లేరు. లేకపోవడమే అందులో గొప్పట. చక్రధరరావుగారు కూడా ఓ గ్లాసు పుచ్చుకుని, లోపలికి తొంగి చూసి, చలించిపోయారు. చలించిన అధికారి ఊరికే ఉంటాడా? విమానం దిగీదిగగానే సర్క్యులర్ తీశారు.

"మరణము అను కీలక రంగమున మన రాష్ట్రము ప్రపంచముతో పోటీపడలేకపోవుట మిక్కిలి విచారకరము" అని మొదలైంది ఆ సర్క్యులర్. అందుచేత సమకాలీన మృత్యుకళా మహోత్సవం జరపాలి. మహోత్సవం ముగిసేలోగా కనీసం ఒక్క కళాఖండమైనా పూర్తయినట్టు ధ్రువపత్రం పంపాలి. వేదిక గోదావరి గట్టు మీదున్న చిత్రశాల. అదే ఎందుకంటే, ఎలాగూ మూసేయబోతున్న సంస్థ కాబట్టి మరణానికి తగిన వాతావరణం అక్కడ ఖర్చు లేకుండా దొరుకుతుందని.

ఆ చిత్రశాలకి క్యూరేటర్ హైమవతి. సర్క్యులర్ చదివి నవ్వాలో ఏడవాలో తెలియక, ముందు మంచినీళ్ళు తాగింది.

ఆ భవనం ఒకప్పుడు ఉప్పు కొఠారు. హైమవతి తండ్రి భావనారాయణ మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. ఆయన సెలవులన్నీ ఊళ్ళ మీద పడి తిరిగి, అటకల మీంచీ ట్రంకుపెట్టెల అడుగునుంచీ పాత బొమ్మలు బయటికి లాగి, బతిమాలి, కొన్నిచోట్ల దెబ్బలాడి తెచ్చుకుని, ఆ కొఠారుకి వెల్ల వేయించి గోడలకి తగిలించారు. ఆ తర్వాత ఆయన జీవితం మొత్తంలో చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. కలకాలం ఉంటుంది కదా అని దాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. ప్రభుత్వం బోర్డు పెట్టింది, పరీక్ష పెట్టి మరీ హైమవతిని ఉద్యోగంలో వేసింది, ఆనక రెంటినీ మరిచిపోయింది. మాస్టారు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చేవారు. గేటు దగ్గర కాపలాదారు సింహాద్రి చేతికర్ర పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఆ కర్ర మీద చెయ్యి ఆన్చి, కాస్త ఆయాసం తీర్చుకుని, "బొమ్మలన్నీ ఉన్నాయిరా?" అని అడిగేవారు. "బొమ్మలన్నీ ఉన్నాయి మేష్టారూ" అనేవాడు సింహాద్రి. అది విన్నాకే ఆయన లోపలికి అడుగుపెట్టేవారు.

పోయినేడు ప్రభుత్వానికి చిత్రశాల మళ్ళీ గుర్తొచ్చింది. ఎదురుగా గోదావరి, పక్కన కార్లకి చోటు, ఏసీ ఫంక్షన్ హాలుకి ఇంతకంటే ఏం కావాలి అని ఓ ఫైలు కదిలింది. ఫైలు కదలడం, మాస్టారు మంచం పట్టడం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. ఫైలు కంటే ఆయనే ముందు వెళ్ళిపోయారు.

పదోరోజున రేవులో పిండం పెడితే కాకి ముట్టలేదు. గోదావరి రేవులో కాకులకి కరువా? పక్కవాళ్ళ పిండాన్ని కొట్టుకుని మరీ తింటున్నాయి. మాస్టారి పిండం వైపు ఒక్కటి తలతిప్పితే ఒట్టు. పోయినవాళ్ళకి తీరని కోరిక ఉండిపోతే కాకి ముట్టదనీ, అది తీరుస్తామని పైకి మాటిస్తే వచ్చి ముడుతుందనీ అందరికీ తెలిసిందే. చుట్టాలు వరసబెట్టి మాటలిచ్చారు. బాబాయి చుట్ట మానేస్తానన్నాడు. మేనత్త ఆయన మీద అలిగి పెట్టెలో పడేసిన చీర కట్టుకుంటానంది. కాకి కదల్లేదు. ఆయనకి ఏం కావాలో హైమవతికి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. విధాన నిర్ణయాల మీద ప్రభుత్వోద్యోగి హామీలు ఇవ్వరాదని సర్వీసు రూల్సులో ఉంది, ఆ రూలు సరిగ్గా ఆ నిమిషంలోనే గుర్తుకొచ్చి గొంతుకి అడ్డంపడింది. చివరికి పురోహితుడు దర్భతో కాకిని చేసి, దాని ముక్కుతో పిండాన్ని ముట్టించి, అయిందనిపించాడు. బాబాయి ఇంటికి రాగానే చుట్ట వెలిగించాడు. హైమవతికి మాత్రం ఆ గడ్డికాకి తలపుకి వచ్చినప్పుడల్లా సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది.

అలాంటి మనిషికి కమిషనర్ ఫోను చేశారు.

"అమ్మా హైమవతీ, మహోత్సవం సక్సెస్ అయితే మీ చిత్రశాల అంశాన్ని సానుభూతితో పరిశీలిస్తాం. కాకపోతే శ్రావణమాసం ముహూర్తాలకి హాలు ఇచ్చేయక తప్పదు. ఆల్రెడీ ఎంక్వైరీలు వస్తున్నాయి."

"సక్సెస్ అంటే ఏంటి సార్?"

"కళాఖండం పూర్తయిందని కళాకారుడి సంతకం, ఆడిట్ సంతకం, మీ సంతకం. అంతేనమ్మా."

అంతే కదా అనుకుంది హైమవతి.

చావు మీద కళ అనగానే ఊళ్ళో చిత్రకారులందరికీ ఇంట్లో శుభకార్యాలు వచ్చిపడ్డాయి. ముందుకొచ్చింది ఒక్క ప్రణతి. బరోడాలో చదువుకున్న పిల్ల, జుట్టు కురచ, మాట అంతకన్నా కురచ. ఆమె చిత్రశాల వెనక వాకిట్లో తెల్లటి దిమ్మె ఒకటి కట్టించి, పైన తెరకప్పింది. ప్రారంభోత్సవం నాడు చక్రధరరావుగారు కెమెరాల వైపు మొహంపెట్టి తెర లాగారు. దిమ్మె మీద విస్తరాకు. విస్తరాకులో నువ్వులు కలిపిన అన్నం ముద్ద. కింద చిన్న అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: "కాకి ముట్టిన క్షణాన ఈ కృతి పూర్తవుతుంది."

కమిషనర్ కాసేపు ఆ ముద్దని చూశారు. శవపేటిక ఎక్కడైనా కనిపిస్తుందేమోనని దిమ్మె వెనక్కి కూడా తొంగిచూశారు.

"ఇది ఎవరి పిండం అమ్మా?"

"ఎవరిదనిపిస్తే వాళ్ళది సార్."

"బాగుంది. కానీ శాఖాపరంగా ఒక పేరంటూ ఉండాలి కదా."

"పేరు పెడితే కర్మ అవుతుంది సార్. పెట్టకపోతే కళ అవుతుంది."

కమిషనర్ ఆ మాటని పక్కనున్న పి.ఎ. చేత రాయించుకున్నారు.

రాయించుకోకపోయినా బాగుండేది. మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే. పేరు లేని పిండం అనేసరికి రాష్ట్రంలో ప్రతివాడూ అది తనకే పెట్టారని గొడవకి దిగాడు. ప్రతిపక్షం వాళ్ళు అది ప్రజాస్వామ్యానికి పెట్టిన పిండమన్నారు. అధికారపక్షం వాళ్ళు కాదు, ప్రతిపక్షానికి పెట్టిందే అన్నారు. మంత్రం లేకుండా పిండం పెట్టడం అపచారమని పురోహితుల సంఘం, మంత్రం లేకపోయినా పిండం పిండమేనని హేతువాదుల సంఘం ఒకే గేటు ముందు ఎదురెదురుగా కూర్చున్నాయి. మధ్యాహ్నానికి ఒకరి గొడుగులోకి ఒకరు జరిగారు. బతికుండగానే తనకి పిండం పెట్టారని ఓ మాజీ ఛైర్మన్ టీవీలో కంటతడి పెట్టుకుంటే, మీకు కాదండీ అని ఎంత చెప్పినా వినలేదు. కాదంటే ఆయన మరీ చిన్నబుచ్చుకునేలా ఉన్నాడని యాంకరే చివరికి సరేనంది.

ఇంత జరిగినా కాకి మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? ఈలోగా ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి విశ్వపతిగారు సన్నగా, పొడుగ్గా ఉంటారు. దేన్ని చూసినా ముందు దాని అడుగు చూస్తారు. విస్తరాకు పైకెత్తి అడుగు చూసి, కిందపెట్టి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఈ కృతిని ప్రభుత్వం సేకరించింది. అంటే ఇది ప్రభుత్వ ఆస్తి. ఔనా?"

"ఔనండి" అంది హైమవతి.

"ప్రభుత్వ ఆస్తిని పశువులు, పక్షులు పాడుచెయ్యకుండా కాపాడవలసిన బాధ్యత ఎవరిది?"

"కాకి తింటేనే అది పూర్తవుతుందండీ."

"అది మీ కళాపరమైన ఉద్దేశం. ఆస్తిపరంగా చూస్తే కాకి తినడం నష్టం. కాపలా పెట్టండి."

అలా సింహాద్రిని గేటు దగ్గర్నించి తీసుకొచ్చి దిమ్మె పక్కన నిలబెట్టారు. కర్ర ఎత్తి పట్టుకుని, కాకి కనబడితే తోలడం అతని డ్యూటీ. సింహాద్రి డ్యూటీ అంటే ప్రాణం పెట్టే మనిషి. కాకి గోడ మీద వాలితే "హుష్" అనేవాడు. గోడ మీద వాలదామా అని ఆలోచిస్తున్న కాకిని కూడా ముందే "హుష్" అనేవాడు.

హైమవతి కమిషనర్‌కి ఫోను చేసింది. "కాపలా తీసేస్తే తప్ప కాకి రాదు సార్."

"తీసేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందమ్మా. రక్షణా ఉండాలి, కాకీ రావాలి. రెంటినీ సమన్వయం చేసుకోండి."

ఇక అన్నం సంగతి. పెట్టిన ముద్ద సాయంత్రానికే పులిసిపోయేది. రోజూ కొత్త ముద్ద పెట్టాలంది ప్రణతి. నిన్నటి అన్నం ఉండగా ఇవాళ్టి అన్నానికి మంజూరు లేదన్నారు విశ్వపతిగారు.

"అన్నం మారుతుంది సార్, ఎదురుచూపు మారదు" అంది ప్రణతి.

"ఎదురుచూపుని స్టాకు రిజిస్టరులో ఏ గడిలో చూపించమంటారు?" అని అడిగారాయన. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

చివరికి హైమవతి, బియ్యం మా ఇంట్లోంచే తెచ్చుకుంటాను, ఆ గొడవ వదిలేయండి అని తేల్చేసింది. రోజూ పొద్దున్నే వెనకగది స్టవ్వు మీద గుప్పెడు బియ్యం వండి, నువ్వులు కలిపి, ఆరనిచ్చి, చేత్తో ముద్ద చేసి విస్తట్లో పెట్టేది. మొదట్లో డ్యూటీలాగే చేసింది. తర్వాత్తర్వాత ముద్ద చేస్తుంటే చేతులు కాస్త నెమ్మదించేవి. ఇది ఎవరిది అని ఆమె ఎవరినీ అడగలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదు. తండ్రికి ఓసారి గడ్డికాకితో సరిపెట్టిన కూతురు రోజూ పిండం చేస్తోంది, సింహాద్రి రోజూ కాకుల్ని తోలుతున్నాడు, ఇంతకన్నా ఏం కావాలి అనిపించి ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

కాకి రాకపోవడం మీద శాఖ చేతులు ముడుచుకు కూర్చోలేదు. "వాయస ఆకర్షణ ఉపసంఘం" వేసింది. వాయసం అంటే కాకేనని సభ్యులకి మొదటి సమావేశంలో తెలిసింది. రెండో సమావేశంలో ఆకాశంలోంచి కనపడేలా మిద్దె మీద పెద్ద బాణంగుర్తు వేయించారు. మూడోదాంట్లో కాకుల అరుపులు రికార్డు చేయించి మైకులో వేయించారు. ఏ అరుపులు రికార్డు చేశారో ఏమో గానీ, అవి వినగానే ఊళ్ళో కాకులన్నీ ఏదో ముంచుకొచ్చినట్టు అవతలి ఒడ్డుకి ఎగిరిపోయాయి. దాంతో పక్క జిల్లాల నుంచి డెప్యుటేషన్ మీద కాకుల్ని రప్పించారు. పంజరాలు వచ్చాయి, పళ్ళేల్లో పూలు వచ్చాయి, ఉపసంఘం అధ్యక్షులు తలుపు తీశారు. కాకులు వాకిలి మీదుగా ఓ చుట్టు తిరిగి, దిమ్మె పక్కన ఎత్తి ఉన్న కర్రనీ, కొంచెం దూరంలో రేవునీ పోల్చి చూసుకుని, తిన్నగా రేవుకి పోయాయి. వాటిలో ఒకటి రిలీవింగ్ ఆర్డరు లేకుండానే సొంత జిల్లాకి వెళ్ళిపోయిందని తెలిసి, దాని మీద విడిగా ఫైలు తెరిచారు.

"ఏంటి సింహాద్రీ ఇది" అని ఓ మధ్యాహ్నం దిమ్మె పక్కనే మెట్టు మీద కూలబడింది హైమవతి.

"నన్నేం చెయ్యమంటారండి? వచ్చేదాకా పిలవడానికి సంఘం ఉందండి. వచ్చాక తోలడానికి నేనున్నానండి. ఎవడి డ్యూటీ ఆడు చేత్తన్నాడండి."

"ఇది పూర్తి కాకపోతే ఇక్కడ పెళ్ళిళ్ళు చేస్తార్రా. బొమ్మలన్నీ గోనెసంచుల్లో కట్టి ఎక్కడో పడేస్తారు."

సింహాద్రి కర్ర వైపు చూసుకున్నాడు. "మేష్టారుంటే ఒప్పుకుందురా అండి" అన్నాడు.

ఆ మాటతో హైమవతికి ఒక ఆలోచన తట్టింది. కాకి ఎందుకు రావడం లేదో సంఘాలకి పట్టకపోయినా తమ ఇద్దరికీ సరిగ్గా తెలుసు. కర్ర దిగితే కాకి వస్తుంది. అంటే కాకి ఎప్పుడు రావాలో తన చేతిలోనే ఉంది. చిత్రశాల ఉంటుందన్న మాట కమిషనర్ నోట రాకముందు అది రావడానికి వీల్లేదు, వచ్చాక ఆగడానికి వీల్లేదు.

"ముగింపు రోజున నన్నే చూస్తూ ఉండు" అంది. "నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నానంటే, నువ్వు కర్ర దించెయ్."

"దించితే నా ఉద్యోగం పోదాండి?"

"దించకపోతే చిత్రశాలే పోతుంది."

సింహాద్రి కాసేపు లెక్క చూసుకున్నాడు. "అలాగేనండి. కళ్ళజోడేకదండి."

ముగింపు రోజు వాకిలి కిటకిటలాడిపోయింది. పురోహితుల సంఘం వాళ్ళు ముందుగానే కమిషనర్ చెవిలో కోరిక సంగతి వేసి ఉన్నారు. తీరని కోరిక తీరుస్తామంటే కాకి వస్తుందట సార్ అని. చక్రధరరావుగారికి అందులో పరిపాలనకి అవకాశం కనబడింది. "మృతుని కోరికలపై బహిరంగ హామీల కార్యక్రమం" అని బ్యానరు కట్టించారు. మృతుడెవరో తెలియదు కాబట్టి ఏ శాఖకి సంబంధించిన కోరికో తెలియదు, కాబట్టి అన్ని శాఖలవాళ్ళూ రావాలని ఉత్తర్వు. కాకి ఒకటి పొద్దుటే వచ్చి, సింహాద్రి కర్రకి అందనంత దూరంలో గోడ మీద కూర్చుని ఉంది. అంతమంది జనం మధ్య "హుష్" అనడానికి సింహాద్రికి మొహమాటం వేసింది. కర్ర మాత్రం ఎత్తే ఉంచాడు.

రోడ్లు భవనాలవారు మైకు అందుకున్నారు. "దివంగతులకు తెలియజేయునది ఏమనగా, తమరు గుంతలమయమైన రోడ్డుపై ఏదైనా ఇబ్బంది పడియున్నచో, సదరు గుంతలపై సర్వే జరిపించుటకు చర్యలు తీసుకొనబడును."

కాకి కదల్లేదు.

పురపాలక సంఘం వారు లేచారు. "శ్మశానంలో కుళాయి అంశం పరిశీలనలో ఉన్నది."

కాకి వీపు తిప్పి కూర్చుంది.

విద్యుత్ శాఖవారు దశలవారీగా అన్నారు. వైద్య శాఖవారు నిధుల లభ్యతను బట్టి అన్నారు. రెవెన్యూవారు ముందు మృతుడు తన మరణ ధ్రువపత్రంతో హాజరు కావాలన్నారు. జనంలోంచి ఎవరో "పరిశీలిస్తామంటే మేవే నమ్మం. కాకేం నమ్ముద్దండీ" అంటే వాకిలంతా గొల్లుమంది.

నవ్వులు సద్దుమణిగేసరికి వెనక వరసలోంచి ఓ నడివయసు ఆవిడ, ఎవరినీ చూడకుండా, విస్తరి వైపు చూసి "అమ్మా, చెల్లితో మాట్లాడతానే" అంది. మైకు లేదు గానీ అందరికీ వినిపించింది. తర్వాత ఎవరో ముసలాయన గొంతు సవరించుకుని "తమ్ముడూ, నీ సైకిలు నేనే తీశాన్రా" అన్నాడు. ఇక అక్కడ్నించి ఒకరు ఆపితే ఒకరు. ఎవరి పిండమని గొడవపడ్డ ఊరే అది, అప్పుడు మాత్రం ఎవరి పిండం వాళ్ళకి దొరికినట్టయింది. ప్రణతి గోడకి ఆనుకుని వింటూ, కురచ జుట్టు వెనక్కి తోసుకోవడం కూడా మరిచిపోయింది. చక్రధరరావుగారు మాత్రం కంగారుపడ్డారు. ఇవన్నీ అనధికారిక హామీలు.

"అమ్మా హైమవతీ, టీవీలవాళ్ళు లైవు ఇస్తున్నారు. కాకి రావట్లేదు. ఏమిటి మార్గం?"

హైమవతి లేచి నిలబడింది. దిమ్మె మీద చెయ్యి వేసింది.

"ఈ పిండం ఎవరిదో నేను చెబుతాను సార్. దీన్ని రోజూ చేస్తున్నది నేను. ఇది మా నాన్నగారిది."

కమిషనర్ ప్రణతి వైపు చూశారు. "కావచ్చు సార్" అంది ప్రణతి.

"ఆయనకి ఒక్కటే కోరిక" అంది హైమవతి. "ఈ చిత్రశాల చిత్రశాలగానే ఉండాలని. పోయినేడు రేవులో నేనిది చెప్పాల్సింది. రూల్సు అడ్డమొచ్చి చెప్పలేదు. మాటివ్వడానికి అధికారం నాకు లేదు. మీకుంది."

చక్రధరరావుగారు మైకు తీసుకున్నారు. "దివంగత భావనారాయణ మాస్టారి ఆకాంక్షను ప్రభుత్వం సానుభూతితో..."

కాకి వీపు అలాగే ఉంది.

"...సానుకూలంగా, అత్యంత సానుకూలంగా పునఃపరిశీలించి..."

"కాకి ఇటు చూట్టం లేదండీ" అన్నారెవరో.

కమిషనర్ నుదురు తుడుచుకున్నారు. కెమెరాల వైపు చూశారు. కాకి వైపు చూశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక మాట ఇదమిత్థంగా ఇచ్చి ఎరగరు. ఎలా ఇస్తారో కూడా ఎవరినైనా అడిగి తెలుసుకునేవారే గానీ వ్యవధి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చన్నీళ్ళలోకి దూకేవాడిలా అనేశారు:

"ఈ చిత్రశాలని ఎవరూ ముట్టుకోరు. ఫంక్షన్ హాలు ఫైలు ఈ నిమిషంతో మూసేశాం. ఇది నా మాట."

కాకి రెక్కలు విప్పింది.

హైమవతికి ఆ తర్వాత సరిగ్గా ఏమీ కనబడలేదు. ఏదో నల్లగా కదిలింది, జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు, తర్వాత వాకిలంతా ఈలలూ చప్పట్లూ. కాకి విస్తట్లో ఉంది. ముద్దని ఒక్క పొడుపు పొడిచింది, ఆగింది, మళ్ళీ పొడిచింది. ఎక్కడినుంచి వచ్చాయో గానీ ఇంకో పది వచ్చి చేరాయి. పురోహితుల సంఘం అధ్యక్షుడు హేతువాదుల సంఘం అధ్యక్షుణ్ణి కౌగలించుకుని, ఎవరో చూస్తున్నారని వదిలేశాడు. చూస్తుండగానే విస్తరి ఖాళీ అయింది. చక్రధరరావుగారు ఆ ఖాళీ విస్తరిలోకి తొంగిచూసి, మళ్ళీ చలించిపోయారు. అందులో ఏమీ లేదు. అచ్చం ఆ దేశంలో లాగే.

విశ్వపతిగారు ధ్రువపత్రం మీద సంతకం చేస్తూ, "కళాఖండం పూర్తయినది. కళాఖండం లేదు" అని రెండు వాక్యాలూ రాశారు. రెండూ నిజమే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చచ్చినవాళ్ళకిచ్చిన మాట తప్పితే ఏమవుతుందో ఏ రూలులోనూ లేదు. తెలియని విషయం జోలికి ఏ అధికారీ వెళ్ళడు గనక ఫంక్షన్ హాలు ఫైలు ఆనాటి నుంచి అలాగే మూసి ఉంది. శాఖ నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది, కాకిని రప్పించినందుకు హైమవతికి ప్రశంసాపత్రం. రెండోది, ఆడిట్ అభ్యంతరం మేరకు, కాకిని రానిచ్చినందుకు సింహాద్రికి సంజాయిషీ నోటీసు.

సింహాద్రి నోటీసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏం రాయమంటారండి?"

"నేను రాస్తాలే. నా సైగ చూసి దించావు కాబట్టి తప్పు నాదే."

"దించలేదండి."

"ఏంటి దించలేదు?"

"కర్రండి. మీరు కళ్ళజోడు తియ్యనేలేదండి. నేను మిమ్మల్నే చూత్తన్నాను కదండి. మీరలా ఏడుత్తా నిలబడిపోయారండి."

హైమవతి చెయ్యి అప్రయత్నంగా కళ్ళజోడు మీదకి పోయింది. నిజమే. ఆవేళ ఇంటికెళ్ళి మొహం కడుక్కునేటప్పుడు తీసింది దాన్ని.

"మరి కాకి ఎలా వచ్చిందిరా?"

"నేనెత్తిన కర్ర మీదే వాలిందండి ముందు." సింహాద్రి గొంతు తగ్గించాడు. "వాలి, కూకుని, ఆయాసం తీర్చుకుంటున్నట్టు కాసేపలా ఆగి, నా మొహంలోకి చూసిందండి. నాకేం తోచలేదండి. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసిందండి. బొమ్మలన్నీ ఉన్నాయి మేష్టారూ, అన్నానండి. అప్పుడు లోపలికెళ్ళిందండి, విస్తట్లోకి."

హైమవతి కాగితం ముందుకి లాక్కుని, శాఖవారికి అర్థమయ్యే భాషలో సింహాద్రి తరఫున సంజాయిషీ రాసింది:

"కాపలాదారు విధి నిర్వహణలో ఎట్టి అలసత్వము చూపలేదు. ఆగంతకుని నిబంధనల ప్రకారము ప్రవేశము వద్దనే ఆపెను. సదరు ఆగంతకుడు ఈ చిత్రశాలకు సంబంధించిన వ్యక్తియే అని రూఢి చేసుకొనిన మీదట మాత్రమే లోపలికి అనుమతించెను."

వారం తిరక్కుండా విశ్వపతిగారి దగ్గర్నించి జవాబు వచ్చింది. వివరణ సంతృప్తికరంగా ఉందనీ, ఇకమీదట కూడా అలాగే చెయ్యమనీ.